తేదీ లేనివి

కాశీబుగ్గ రైలు గేటు దాటాక
మూడో జీడిబట్టీలో నేను తూకం గుమస్తాని.
పగలు కిలోలు రాస్తాను.
రాత్రి ముడిపిక్కల బస్తా మీద లాప్‌టాప్ పెట్టుకుని
ఒలుపు షెడ్డులో విన్న కథలు రాస్తాను.
ఒక్కో కథకి ఒక్కో ఫైలు,
నెత్తిన రెండు గీతలు,
గీతల మధ్య పేరు, తేదీ.

నలభై ఒకటి అయ్యాయి.

ఎంటర్ నొక్కితే
ప్రోగ్రాం ఫోల్డరంతా ఒక్క గుక్కలో చదివేస్తుంది.
అన్నిటినీ ఒకే అచ్చులో పోసి పేజీలు తీస్తుంది,
కొత్తది పైకి, పాతది అడుక్కి
జాబితా పేర్చేస్తుంది.
చివరి పదింటినీ వేరే మూటకట్టి
వాకిట్లో పెడుతుంది, చందాదార్లు వచ్చి పట్టుకెళ్ళడానికి.
ముగ్గురున్నారు.
ఒకాయనది బరంపురం, ఒకడు నా తమ్ముడు.
మూడోది మనిషో మిషనో తెలీదు,
రోజూ తెల్లారగట్ల నాలుగింటికి వచ్చి చూసిపోతుంది.

"ఎవరైనా అడిగినప్పుడు తయారుచెయ్యదా?" అన్నాడు ఓనరుగారబ్బాయి.
కొనేవాడు గుమ్మంలో నిలబడ్డాక పిక్క కొడతామా?
ముందే కాల్చి, కొట్టి, బోర్మాలో ఆరబెట్టి,
పొట్టు తీసి డబ్బాలో పోసి ఉంచుతాం.
ఇదీ అంతే.

చామంతమ్మకి చూపించాను.
ఇరవై రెండేళ్ళుగా గ్రేడింగు బల్ల దగ్గరే ఉందామె.
రెండొందల నలభై, మూడొందల ఇరవై, బద్ద, ముక్క,
కళ్ళు ఎటున్నా వేళ్ళు విడదీస్తూనే ఉంటాయి.
వేలిముద్రలు ఎప్పుడో జీడిరసం తినేసింది,
రేషన్ మిషను ఆమెని ఒక్కసారికి గుర్తుపట్టదు.

"నా కతలెక్కడున్నాయి బావూ?"

తెరని కిందకి లాగాను. ఇంకా కిందకి.
అట్టడుగున ఉన్నాయి ఆరూ,
ఆరింటి పక్కనా ఒకటే తేదీ:
1970 జనవరి 1.

తేదీ రాయకపోతే మిషను అలాగే అనుకుంటుంది,
దాని కాలం ఆ రోజే మొదలైంది మరి.
"ఆ యేటికి మా యమ్మకే పెళ్ళవనేదు" అని నవ్వింది.
పోనీ ఎప్పుడు జరిగాయో చెప్పమంటే
చేతులు ఆపకుండానే చెప్పింది:
ఇది గాలివానకి తోటలు పడిపోన యేడు.
ఇది, పడిపోన తోటలో మల్లీ యేసిన మొక్క
తొలి పూత పూసినప్పుడు.
ఇది మా గుంటకి పాలపళ్ళూడినప్పుడు.
ఇదా? మంచుకి పూతంతా మాడిపోయి
పనినేక మందసెల్లిపోనాం కాదూ, అప్పుడు.

నేను ఏడాదికీ నెలకీ రోజుకీ
మధ్యన అడ్డగీతలు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి రాత్రి నేనే ఊహించి తేదీలు వేశాను.
పొద్దున్నకి అవి అబద్ధాల్లా కనపడ్డాయి, తీసేశాను.
రెండో రాత్రి అచ్చునే విప్పి
తేదీ ఉన్నచోట కొత్త మాట రాశాను: వరస.
దాని పక్కన వట్టి అంకె.

నలభై ఒక్క పేర్లూ చీటీల మీద రాసి
కూడు తినే వేళ ఆమె బల్ల మీద పోశాను.
ఆమెకి చదవడం రాదు. నేను ఒక్కోటీ చదివాను,
ఆమె ఒక్కోటీ జరిపింది.
పక్క బల్లలవాళ్ళు లేచి వచ్చారు,
"అది దీనికంటే ముందేటే!" అని ఒకామె
ఏడో చీటీని పన్నెండో చోటికి లాగింది.
కాసేపు గట్టిగానే పోట్లాడుకున్నారు.
ఎవరిదో చీటీకి పులుసు అంటింది.

నలభై వరసలో నిలిచాయి.
ఒక్కటి మాత్రం
చెమ్మ పప్పు పోసే మూలకి నెట్టింది.
"సోంపేట బస్సు",
వారానికి రెండుసార్లు
రక్తం కడిగించుకోడానికెళ్ళే ఆమె పెనిమిటి కథ.
నేను మార్చిలోనే పూర్తిచేశాననుకున్నది.

"ఇది ఇంకా పచ్చిగుంది బావూ.
ఆరనీ."

ఆ ఫైలు తెరిచి గీతల మధ్య ఇంకో వరస చేర్చాను.
ముసాయిదా: అవును.
ఎంటర్.
నలభై పేజీలు, సెకను కూడా పట్టలేదు.
నాలుగింటికొచ్చే ఆ మూడో చందాదారు
వచ్చినట్టే వచ్చి పోయింది.
ఒకటి తగ్గిందేమని ఎవరూ అడగలేదు.

మర్నాడు మంగళవారం.
పదకొండింటికి చామంతమ్మ చేతులు బూడిదతో తోముకుని
బస్సుకి బయల్దేరింది.
తూకం పుస్తకంలో ఆమె పేరుకెదురుగా
సగం రోజు అని రాశాను,
తేదీ వేసి.